క్రిప్టో మీటప్ పెట్టేవాళ్లు డబ్బు ముట్టుకోవద్దు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో "క్రిప్టో మీటింగ్" అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఒకటే. హోటల్ బాంక్వెట్ హాలు, స్టేజీ మీద సూటు మనిషి, నెలనెలా ఇంత శాతం గ్యారంటీ అన్న మాట, మీ కింద ఇద్దరిని చేర్పించండి అన్న సలహా. అది గొలుసుకట్టు స్కీము. ఆ బాపతును ఆపడానికి 1978 నాటి చట్టమూ ఉంది, 2019 నాటి చట్టమూ ఉంది. ఇక్కడ చెప్పబోయేది వేరే సంగతి: తమ దగ్గరున్న కొద్దిపాటి బిట్‌కాయిన్‌నో యూఎస్‌డీటీనో (టెథర్ సంస్థ జారీ చేసే, ఒక్కోటి డాలర్ విలువకు కట్టిన కాయిన్) అమ్ముకోవాలనుకునేవాళ్లు, కొనాలనుకునేవాళ్లు ఒకే ఊళ్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని మార్చుకునే చిన్న సమావేశాలు.

ఇలాంటివి మన ఊళ్లలో ఉండాలనే నా వాదన. అయితే రెండు షరతుల మీద. పెట్టేవాళ్లు రూపాయినీ కాయిన్‌నూ తమ చేతి మీదుగా పోనివ్వకూడదు. వచ్చేవాళ్లు తమ పేరు దాచుకోకూడదు. ముఖాముఖి లావాదేవీ అంటే గుట్టుగా జరిగేదని చాలామంది అనుకుంటారు. అసలు ప్రయోజనం దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది: ఎదుటి మనిషి ఎవరో ఖాయంగా తెలుస్తుంది.

ఆలోచన కొత్తది కాదు. 2013లో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో బిట్‌కాయిన్ ఉన్నవాళ్లు ఆరుబయట గుమిగూడి నగదుకు మార్చుకునేవారు. సతోషీ స్క్వేర్ అని దానికి పేరు. 1792లో వాల్ స్ట్రీట్‌లో 24 మంది బ్రోకర్లు చేసుకున్న బటన్‌వుడ్ ఒప్పందాన్ని (న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి అదే మొదలు) గుర్తుచేసుకుంటూ మొదలుపెట్టారు. 2012లో ఫిన్లాండ్‌లో పుట్టిన లోకల్‌బిట్‌కాయిన్స్ ఇదే పనిని ప్రపంచమంతా ఊరూరా కుదిర్చిపెట్టింది. 2019 జూన్‌లో ముఖాముఖి నగదు ప్రకటనలను తీసేసింది, 2023 ఫిబ్రవరిలో దుకాణమే కట్టేసింది. అదే 2019 ఏప్రిల్‌లో అమెరికా ఆర్థిక నేరాల నిఘా సంస్థ ఫిన్‌సెన్ కాలిఫోర్నియాలోని ఒక వ్యక్తికి 35,350 డాలర్ల జరిమానా వేసింది. రిజిస్ట్రేషన్ లేకుండా ముఖాముఖి కొని అమ్మడాన్ని వ్యాపారంగా నడిపాడన్నది ఆరోపణ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇలాంటిది తలపెట్టే తెలుగువాళ్లు ముందు చూడాల్సింది అక్కడి మనీ సర్వీసెస్ రిజిస్ట్రేషన్ నిబంధనలే. మన సంగతికి వద్దాం.

"రిజిస్టరైన ఎక్స్ఛేంజీలు ఉండగా ఈ తలనొప్పి ఎందుకు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. నెలకు రెండు వేలు పెట్టి కొనుక్కునేవాళ్లకు ఎక్స్ఛేంజీయే మేలు, వాళ్లకు మీటప్ అక్కర్లేదు. కానీ 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు పోయాక, వాడుకదారుల సొమ్ము ఏడాదికి పైగా అందులోనే ఇరుక్కుపోయింది. ఆ దెబ్బతో కాయిన్లను సొంత వాలెట్‌లో, అంటే తాళం తమ చేతిలోనే ఉండే యాప్‌లోనో పరికరంలోనో, పెట్టుకోవాలనుకునేవాళ్లు పెరిగారు. వాళ్లు కొన్నాళ్లకు అమ్ముకోవాలంటే ఎక్కువగా కనబడే దారి ఆన్‌లైన్ పీటూపీ, అంటే ముక్కూ మొహం తెలియని మనిషికి సైట్ ద్వారా నేరుగా అమ్మడం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

వరంగల్‌లో ఒక రిటైర్డ్ టీచర్‌ని "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించి పది లక్షలు లాగారనుకుందాం. ఆ డబ్బు అద్దెకు తెచ్చిన ఎవరో కూలీ ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి నాలుగైదు ఖాతాల్లోకి చీలుతుంది. అందులో ఒక ముక్క పట్టుకుని ఒకడు పీటూపీలో యూఎస్‌డీటీ కొంటాడు. మీరు నిజాయితీగా అమ్మారు, మీ ఖాతాలో యాభై వేలు పడ్డాయి. ఈలోపు ఆ టీచర్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. బ్యాంకులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని ఒక్కో అంచెలో ఉన్న ఖాతాను ఆపుకుంటూ వస్తాయి. మీ జీతం పడే ఖాతా స్తంభించిపోతుంది. కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 106వ సెక్షన్, అంటే ఒకప్పటి సీఆర్‌పీసీ 102, పోలీసులకు ఆ అధికారం ఇస్తోంది. తెరమీద మీరు చూసింది ఒక యూజర్ పేరు, నూటికి తొంభై తొమ్మిది రేటింగ్. ఆ రేటింగ్ ఖాతాను కూడా అద్దెకు తీసుకోవచ్చు.

ఎదురుగా కూర్చున్న మనిషి పాన్ కార్డు మీద పేరు, బ్యాంకు యాప్‌లో పేరు, ఆధార్ ఫొటోలో మొహం మూడూ ఒకటేనా అని చూడటానికి అర నిమిషం చాలు. దొంగసొమ్ము తిప్పేవాడు ఈ అర నిమిషాన్ని తట్టుకోలేడు. తన పేరు మీద లేని ఖాతా నుంచి కట్టాలని చూస్తాడు కాబట్టి, "మా బావమరిది ఖాతా నుంచి వేస్తా" అంటాడు. ఆ మాట వినబడగానే లావాదేవీ ఆపేయాలి. ఎవరి బావమరిది అయినా సరే. మూడో మనిషి ఖాతా నుంచి పైసా కూడా తీసుకోకూడదన్న ఒక్క నిబంధన పట్టుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

ఇప్పుడు నిర్వాహకుల సంగతి. 2023 మార్చి 7న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో క్రిప్టో మార్పిడి, బదిలీ, భద్రపరచడం లాంటి పనులు వ్యాపారంలో భాగంగా ఇంకొకరి కోసమో, ఇంకొకరి తరఫునో చేసేవాళ్లు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చారు. వాళ్లు కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్ఐయూలో నమోదు కావాలి, ప్రతి ఖాతాదారుడికీ కేవైసీ చేయాలి, అనుమానాస్పద లావాదేవీలను నివేదించాలి. బైనాన్స్ అంతటి అంతర్జాతీయ ఎక్స్ఛేంజీకే 2024లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది. మీ సొంత కాయిన్‌ని మీరు అమ్ముకోవడం ఈ మాటల్లోకి రాదు. కానీ మీటప్ పెట్టినాయన "ఇద్దరి మధ్యా నేను పట్టుకుంటా, కాయిన్ నా వాలెట్‌కి పంపండి, డబ్బు రాగానే వదులుతా" అన్నాడనుకోండి. వందకు అర్ధ రూపాయి కమీషన్ కూడా పుచ్చుకున్నాడనుకోండి. ఇంకొకరి తరఫున, వ్యాపారంగా అన్న రెండు ముక్కలూ అతనికి అతికినట్టు సరిపోతాయి. మంచి మనసుతో చేశానంటే చట్టం వినదు. పైగా గొడవొస్తే రెండు పక్షాలూ పట్టుకునేది అతని చొక్కానే.

అందుకని ఎస్క్రో (ఇద్దరి సొమ్మూ మధ్యలో పట్టుకోవడం) వద్దు, కమీషన్ వద్దు, "ఈయనకు నేను పూచీ" అన్న మాట అసలే వద్దు. హాలు అద్దె మూడు వేలైతే, పదిహేను మంది వస్తే, తలా రెండు వందలు. కొన్నా కొనకపోయినా అంతే. లావాదేవీ విలువతో ఆ రెండు వందలకు సంబంధం ఉండకూడదు.

పదిహేను మంది దాటనివ్వకపోవడం మంచిది. అంతకు మించితే తలుపు దగ్గర పేర్లు సరిచూసేవాళ్లకే ఊపిరి ఆడదు. ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు తలుపు దగ్గర, ఒకరు కాగితాల దగ్గర, ఒకరు బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ (కాయిన్ బదిలీలను ఎవరైనా చూడగల సైట్) తెరిచిన లాప్‌టాప్ దగ్గర. ఆ మూడో మనిషి లావాదేవీ నంబరు చూసి "చేరింది", "ఇంకా చేరలేదు" అని చెప్పడమే తప్ప ఎవరి ఫోనూ చేతిలోకి తీసుకోకూడదు. సీడ్ పదాలు (వాలెట్‌ను తెరిచే రహస్య పదాలు) ఉన్న కాగితాన్నిగానీ హార్డ్‌వేర్ వాలెట్‌నుగానీ ఎవరూ మీటప్‌కు తేవద్దని ముందే చెప్పాలి. ఆ రోజు అమ్మదలచుకున్నంత మాత్రమే ఫోన్ వాలెట్‌లో వేసుకుని రావాలి. మొత్తం నిల్వ ఉన్న వాలెట్ తెరిచి నలుగురిలో బ్యాలెన్స్ చూపించేవాడు ఇంటిదాకా మనిషిని వెంటబెట్టుకుని పోయే ప్రమాదం ఉంది.

చోటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: పట్టపగలు, సీసీ కెమెరా ఉన్నచోట, నడిచిపోయేంత దూరంలో బ్యాంకు శాఖ ఉండాలి. ఎవరి ఇంట్లోనూ పెట్టకూడదు, కారులో అసలు వద్దు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు కాబట్టి మొదటి లేదా మూడో శనివారం పొద్దున పదిన్నరకు మొదలుపెడితే, నగదు ఉన్నవాళ్లకు మధ్యాహ్నం లోపు జమ చేసుకునే వీలుంటుంది.

బ్యాంకు ఎందుకంటారా? నగదు తీసుకునే చోట నకిలీ నోటు మొదటి భయం. అయిదు వందల నోటుని వంచి చూస్తే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారాలి. వెలుతురుకి ఎత్తి పడితే తెల్లటి ఖాళీలో గాంధీ బొమ్మ, పక్కనే 500 అంకె నీటిగుర్తుగా కనబడాలి. కుడి, ఎడమ అంచుల్లో అయిదేసి ఏటవాలు గీతలు వేలికి తగలాలి. నంబరులో అంకెలు ఎడమ నుంచి కుడికి పోనుపోను పెద్దవవుతాయి. ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా కట్టలో వంద నోట్లు లెక్కపెట్టేటప్పుడు ఒకటి జారవిడుస్తారు. అందుకే కొనేవాణ్ని పక్కన నిలబెట్టుకుని, అమ్మేవాడే తన ఖాతాలో కౌంటర్ దగ్గర జమ చేసుకోవడం ఉత్తమం. వేరొకరు మీ ఖాతాలో వేస్తామంటే కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు. పాన్ కార్డు కూడా వెంట ఉంచుకోవాలి. కౌంటర్‌లో నకిలీ బయటపడితే బ్యాంకు ఆ నోటు తిరిగి ఇవ్వదు, ముద్ర వేసి ఉంచేసుకుని రసీదు ఇస్తుంది. ఒకే జమలో నాలుగు వరకూ నకిలీలుంటే నెలాఖరున పోలీసులకు కలిపి తెలియజేస్తారు, అయిదూ ఆపైన ఉంటే ఎఫ్ఐఆర్ కోసం అప్పుడే పంపిస్తారు. జమ చేసేది మీరే కాబట్టి, ఆ నోట్లు ఎవరు ఇచ్చారో రాసి ఉన్న కాగితం మీ జేబులో ఉండాలి.

నగదులో ఇంకో గీత కూడా ఉంది. ఒకే మనిషి నుంచి ఒకే రోజున, లేదా ఒకే లావాదేవీలో, లేదా ఒకే సందర్భానికి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 269ఎస్‌టీ సెక్షన్. జరిమానా తీసుకున్నవాడి మీద, అదీ తీసుకున్నంత మొత్తం. ఇవాళ లక్షా తొంభై, రేపు లక్షా తొంభై అని ముక్కలు చేసినా ఒకే బేరం తాలూకైతే తప్పించుకోలేరు. నా మట్టుకు నేను మీటప్‌లో నగదునే ప్రోత్సహించను. ఖాతా నుంచి ఖాతాకు వెళ్తే పేరు, టైము, రిఫరెన్స్ నంబరు వాటంతటవే రికార్డవుతాయి. నగదులో ఇవన్నీ మనమే పుట్టించుకోవాలి.

ఖాతా బదిలీలో తరచూ బేరం చెడేది మోసం వల్ల కాదు, పరిమితుల వల్ల. మామూలు యూపీఐకి రోజుకు లక్ష. కొత్త ఫోన్‌లో యాప్ పెట్టుకున్నవాళ్లకు మొదటి 24 గంటలు అయిదు వేలే. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త లబ్ధిదారుణ్ని చేరిస్తే చాలా బ్యాంకులు మొదటి రోజు కొద్ది మొత్తమే పంపనిస్తాయి. కాబట్టి ఎవరితో బేరమో ముందు రోజే తేలిపోవాలి, ఖాతా చేర్చుకుని ఒక రూపాయి పంపి పేరు సరిచూసుకోవాలి. ఎదుటివాడి ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు, టింగుమన్న చప్పుడు రెండూ నమ్మకండి. అచ్చం అలాగే చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి బ్యాలెన్స్ పెరిగిందా అని చూసుకోవాలి. ఎస్ఎంఎస్ కూడా లెక్కలోకి రాదు.

ధర దగ్గర మాట తేడా రాకుండా ఉండాలంటే ఏ సైట్ ధర, ఏ నిమిషం ధర అన్నది కాగితం మీద ముందే రాసుకోవాలి. యూఎస్‌డీటీ రూపాయి ధర సాధారణంగా బ్యాంకు డాలర్ రేటు కంటే కొంత ఎక్కువే నడుస్తుంది. ఆ తేడా చూసి "డాలర్ ఇంతే కదా" అని ఒకరు, "ఎక్స్ఛేంజీలో ఇంతుంది" అని ఇంకొకరు పట్టుబట్టడం మామూలు. పదిహేను నిమిషాలకు ధర బిగించుకోవడం, ఆ గడువులో రూపాయలు పడకపోతే మళ్లీ ధర కట్టుకోవడం, ఇదీ పద్ధతి.

ఎవరు ముందు ఇవ్వాలి? నా అభిప్రాయంలో రూపాయే ముందు. కారణం, కాయిన్ ఒకసారి వెళ్తే వెనక్కి రప్పించే బ్యాంకు మేనేజరెవరూ లేరు. అయితే అంతకుముందు అమ్మేవాడు అయిదారు వందల విలువైన చిన్న మొత్తం పంపి కొనేవాడి వాలెట్ అడ్రస్ సరైనదేనని తేల్చాలి. ఆ తర్వాత రూపాయలు మొత్తం, ఆ తర్వాత మిగతా కాయిన్. అది చేరేదాకా ఇద్దరూ కుర్చీలోంచి లేవకూడదు.

బిట్‌కాయిన్ అయితే ఓపిక పట్టాలి. లావాదేవీ బ్లాక్ అనే కట్టలో చేరితేనే ఖాయమైనట్టు, దాన్నే కన్ఫర్మేషన్ అంటారు. బ్లాక్‌కు సగటున పది నిమిషాలంటారు కానీ ఇది సగటు మాత్రమే. ఇరవైసార్లలో ఒకసారి తర్వాతి బ్లాక్‌కి అరగంట పైనే పడుతుంది. గది బుక్ చేసుకున్న గంటలో అలాంటిది వస్తే కంగారు మొదలవుతుంది. "నెట్‌వర్క్‌లో కనబడుతోంది కదా, ఇక వెళ్తా" అంటాడు అమ్మినవాడు. వెళ్లనివ్వకండి. కన్ఫర్మేషన్ పడని లావాదేవీని ఎక్కువ ఫీజుతో వేరే అడ్రస్‌కు మళ్లించేసుకోవచ్చు. 2024లో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ 28వ వెర్షన్ నుంచి ఆ మార్పిడిని నోడ్లు (నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లు) డీఫాల్ట్‌గానే ఒప్పుకుంటున్నాయి. చిన్న మొత్తానికి ఒక కన్ఫర్మేషన్, లక్ష దాటితే మూడు. ఫీజు దగ్గర పిసినారితనం పనికిరాదు: మామూలు సెగ్విట్ (ఇప్పటి వాలెట్లు వాడే పద్ధతి) లావాదేవీ సైజు సుమారు 140 విబైట్లు, విబైట్‌కు అయిదు సతోషీలు (బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు ఒక సతోషీ) వేసినా మొత్తం 700 సతోషీలే. ఆ పూట రద్దీ ఎంతుందో మెంపూల్ (ఇంకా బ్లాక్‌లో చేరని లావాదేవీల వరుస) చూసి, తర్వాతి బ్లాక్‌కు చూపిస్తున్న రేటే పెట్టాలి.

ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద యూఎస్‌డీటీ నిమిషంలో తేలిపోతుంది కానీ దాని తంటాలు దానివి. మొదటిది, వాలెట్‌లో యూఎస్‌డీటీ ఉండి ట్రాన్ సొంత కాయిన్ టీఆర్ఎక్స్ లేకపోవడం. ఫీజు కట్టడానికి టీఆర్ఎక్స్ లేకపోతే కాయిన్ కదలదు, వచ్చినాయన బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. రెండోది, నకిలీ టోకెన్. పేరు, బొమ్మ, అంకె అన్నీ అసలు వాటిలాగే ఉంటాయి, కాంట్రాక్ట్ అడ్రస్ (టోకెన్‌ను జారీ చేసిన ప్రోగ్రాం చిరునామా) మాత్రం వేరు. ట్రాన్‌లో అసలు టెథర్ కాంట్రాక్ట్ "టీఆర్7ఎన్‌హెచ్‌క్యూ" అన్న అక్షరాలతో మొదలవుతుంది. మొదటి అక్షరాలు చూసి ఊరుకోకుండా ఎక్స్‌ప్లోరర్‌లో పూర్తి అడ్రస్ పోల్చాలి. మూడోది, పాత లావాదేవీల జాబితాలోంచి అడ్రస్ కాపీ చేయడం. మోసగాళ్లు మీరు వాడే అడ్రస్‌కు మొదట, చివర అచ్చు పోలి ఉండే అడ్రస్ నుంచి సున్నా మొత్తం పంపి మీ జాబితాలో దూరిపోతారు. అందుకే ఎదురుగా ఉన్న మనిషి ఫోన్ మీది క్యూఆర్ కోడ్ నుంచే స్కాన్ చేయాలి, మధ్యలో ఉన్న అక్షరాలు కూడా పైకి చదివి సరిచూసుకోవాలి. ఇంకొకటి: టెథర్ సంస్థ తలచుకుంటే ఏ అడ్రస్‌లోని యూఎస్‌డీటీనైనా స్తంభింపజేయగలదు. కొనేవాడికి కూడా ఎదుటి కాయిన్ ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగే హక్కుందని దీనర్థం.

పన్ను దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లు మాట మారుస్తారు. లెక్క కష్టమేమీ కాదు. మీరు 52,000కు కొన్న యూఎస్‌డీటీని 60,000కు అమ్మారనుకుందాం. కొనేవాడు ఒక శాతం, అంటే 600 టీడీఎస్ పట్టుకుని మీకు 59,400 ఇవ్వాలి. మీ లాభం 8,000. దాని మీద 30 శాతం 2,400, నాలుగు శాతం సెస్ 96, వెరసి 2,496. పట్టుకున్న 600 పోను రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సింది 1,896. ఆటో ఖర్చు, హాలు తాలూకు రెండు వందలు, నెట్‌వర్క్ ఫీజు లాభంలోంచి తీసేయనివ్వరు, కొన్న ధర ఒక్కటే తీయనిస్తారు. ఒక అమ్మకంలో నష్టమొస్తే ఇంకో దాంట్లో లాభంతో చెల్లుకు పెట్టనివ్వరు. ఈ నిబంధన అన్యాయమనే నా అభిప్రాయం, అయినా ఉన్నంతకాలం పాటించాల్సిందే.

టీడీఎస్ బాధ్యత కొనేవాడిది. వ్యాపారం లేని మామూలు ఉద్యోగి అయితే ఏడాదిలో అతను చెల్లించినది యాభై వేలు దాటినప్పుడు, పెద్ద టర్నోవర్ ఉన్న వ్యాపారి అయితే పది వేలు దాటినప్పుడు వర్తిస్తుంది. మామూలు ఉద్యోగికి టాన్ (టీడీఎస్ కట్టేవాళ్లకు ఇచ్చే నంబరు) అక్కర్లేదు, అమ్మినవాడి పాన్ ఉంటే చాలు. పట్టుకున్న నెల ముగిశాక 30 రోజుల్లో చలాన్ కట్టాలి. పాన్ ఇవ్వకపోతే ఒక శాతం కాస్తా 20 శాతమవుతుంది. తలుపు దగ్గరే పాన్ అడగడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. చలాన్ కట్టేటప్పుడు పాత వ్యాసాల్లోని నంబర్లు చూసి కాకుండా పోర్టల్‌లో ఆ రోజున ఉన్నదే ఎంచుకోవాలి.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న బంధువు యూఎస్‌డీటీ పంపిస్తే ఇక్కడ రూపాయలు చేసి ఇంట్లో ఇవ్వమని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పిల్లల ఫీజు అక్కడ కట్టడానికి ఇక్కడ రూపాయలిచ్చి కాయిన్ కొనేవాళ్లూ ఉంటారు. అవసరం నిజమైనదే కావచ్చు. కానీ బ్యాంకు దారి తప్పించి దేశాల మధ్య డబ్బు జరపడం విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కిందికి వస్తుంది, దాని వెనక ఈడీ వస్తుంది. అలాంటి బేరాన్ని మీటప్ బల్ల మీద పెట్టనివ్వకూడదు. మొహమాటపడితే మిగతా పద్నాలుగు మందికీ నోటీసులు.

కాగితం ఒకటే పేజీ ఉండాలి, రెండు ప్రతులు. ఇద్దరి పేర్లు, పాన్‌లో చివరి నాలుగు అక్షరాలు (పూర్తి నంబరు అవతలి పక్షానికి మాత్రమే), తేదీ, టైము, ఏ కాయిన్, ఎంత, ఏ ధర, ఆ ధర ఎక్కడిది, యూపీఐ లేదా ఐఎంపీఎస్ రిఫరెన్స్, లావాదేవీ హ్యాష్ (కాయిన్ బదిలీ నంబరు), టీడీఎస్ మొత్తం, చెల్లించినది తన సొంత డబ్బేనని కొన్నవాడి సంతకం. నిర్వాహకుల దగ్గర ప్రతి ఉండక్కర్లేదు. పదిహేను మంది పాన్ నంబర్లు ఒక లాప్‌టాప్‌లో పోగుపడటమే ఇంకో ప్రమాదం. వచ్చినవాళ్ల పేర్లు, తేదీ ఉన్న రిజిస్టరు చాలు.

ఇన్ని చేసినా ఖాతా ఆగిపోయే అవకాశం పూర్తిగా పోదు, ఎందుకంటే కొన్నవాడి ఖాతాలోకి అంతకుముందు ఏ డబ్బు వచ్చిందో మీకు తెలియదు. అప్పుడు బ్యాంకుకి వెళ్లి గొంతు పెంచడం వల్ల లాభం లేదు. రాతపూర్వకంగా మూడు అడగాలి: సైబర్ క్రైమ్ పోర్టల్‌లోని ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. ఆ మొత్తం వరకే లీన్ (వాడకుండా ఆపు) పెట్టి మిగతా ఖాతా వదలమని అదే ఉత్తరంలో కోరాలి. స్టేషన్ నుంచి పత్రాలు అడుగుతూ బీఎన్ఎస్ఎస్ 94 కింద నోటీసు వస్తే, ఆ ఒక్క పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఎక్స్‌ప్లోరర్ ప్రింటు, టీడీఎస్ సర్టిఫికెట్ జతచేసి ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాలి, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోవాలి.